ఏడు మెట్ల కమ్మీ

జూన్ 3

అన్నయ్యకి,

నమస్కారం పెట్టాల్సింది నేను, దీవించాల్సింది నువ్వు. చదివాక దీవించాలనిపించకపోవచ్చు కాబట్టి ఆ పనేదో ముందే కానిచ్చెయ్.

నిన్న ఫోన్ చేస్తే "ఏదైనా రాసి పంపు, నోటి మాటలు ఫైల్లో ఉండవు" అని పెట్టేశావు. సొంత చెల్లెలికి కూడా ఫైలు తెరిచే అన్నయ్య ఎంతమందికి ఉంటాడు చెప్పు. సరే, రాస్తున్నాను. జాగ్రత్తగా ట్యాగు కట్టి దాచుకో.

మార్చిలో తడి మెట్ల మీద జారి మీ బావ తుంటి విరగ్గొట్టుకున్న సంగతి నీకు తెలిసిందే. ఎముక అతుక్కుంది. డాక్టరు పోయిన నెలలో చూసి, ఇక రోజూ గంటసేపు చదునైన నేల మీద నడవాలన్నాడు. ఇంట్లో ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరిగితే అది నడక కాదట. ఆగస్టు నెలాఖరుదాకా గడువిచ్చాడు. ఈలోపు నడిస్తే సరి, లేకపోతే కాలు అలాగే పట్టేస్తుంది, తరవాత నా దగ్గరికి తెచ్చినా లాభం లేదని ముఖం మీదే చెప్పాడు.

నడవాలంటే వీధిలోకి దిగాలి కదా. మన ఇంటి సంగతి నీకు కొత్తగా చెప్పాలా? గుమ్మం ముందు ఏడు రాతిమెట్లు, పట్టుకోవడానికి గడ్డిపరక లేదు. పెరటి వైపు దారి లేదు, వెనకింటి గోడ. అందుకని వెల్డింగు అతన్ని పిలిచి ఇనుప రెయిలింగ్ పెట్టించాను. నల్లరంగు వేయించాను, బుద్ధిగా. మొదటి రోజు మీ బావ దాన్ని పట్టుకుని దిగి, లైబ్రరీ దాకా వెళ్ళి, ఆయన బైండింగు గది తాళం తీసి, దుమ్ము దులిపి వచ్చారు. రెండో రోజూ వెళ్ళారు. మూడో రోజు మీ పాత వీధుల పరిరక్షణ సంఘం నుంచి నోటీసు వచ్చింది.

"వీధిలోంచి కనిపించే ఏ భాగానికైనా సంఘం అనుమతి లేకుండా ఏదీ చేర్చరాదు, తీయరాదు, మార్చరాదు. పద్నాలుగో నిబంధన." పదిహేను రోజుల్లో రెయిలింగ్ పీకెయ్యాలట. కింద సంతకం నీ శిష్యురాలిది. నువ్వు బదిలీ అయి వెళ్తూ నీ కుర్చీలో కూర్చోబెట్టి వెళ్ళావే, ఆ పిల్లది. సంతకం ఆ పిల్లదే కానీ వాక్యం నీది. చదవగానే గుర్తుపట్టాను, ఇలా ఊపిరాడకుండా రాయడం మన ఇంట్లో ఇంకెవరికీ రాదు.

ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. నువ్వు తీసిన గోతిలో మీ బావ పడ్డారు, అదీ తేడా.

ఎదురింటి దర్జీకి మాత్రం పండగలా ఉంది. తలుపుకి ఆకుపచ్చ వేస్తే అది సరైన ఆకుపచ్చ కాదని నువ్వు మూడుసార్లు గీకించావు కదా, "మీ టేపు అన్నయ్యగారి నిబంధన మీ ఇంటికీ వర్తిస్తుందాండీ" అని రోజూ పరామర్శిస్తున్నాడు. కొలత టేపు పట్టుకుని గుమ్మం గుమ్మానికీ తిరిగావని వీధిలో నిన్ను ఇప్పటికీ టేపు అనే అంటారు. నీకు తెలుసో లేదో.

నీ శిష్యురాలికి ఒక్క ముక్క రాయి. అంతకంటే ఏమీ అడగను.

నోటీసు అందుకున్న వ్యక్తి, మరియు
నీ చెల్లి

*

జూన్ 9

చెల్లాయికి దీవెనలు. (ముందే ఇచ్చాను, చూసుకో.)

నీ ఉత్తరం అందింది. రెండు వైపులా రాశావు, మార్జిన్ వదల్లేదు, ఎక్కడా పేరా సంఖ్య లేదు. అయినా అర్థమైంది.

నేను ఆ పిల్లకి రాయలేను. ఈ రోజు నా చెల్లెలి మెట్ల కోసం ఒక్క ముక్క రాస్తే రేపు దర్జీ తలుపు దగ్గర నా ముఖం ఎక్కడ పెట్టుకోను? ఇంటివాళ్ళకో న్యాయం, ఎదురింటివాళ్ళకో న్యాయమా అంటాడు. అనాలి కూడా.

పద్నాలుగో నిబంధన మీద నీకు కోపం వచ్చింది. అది లేని రోజుల్లో మూలమీది ఇంటాయన వీధి గోడ నిండా బాత్‌రూమ్ పలకలు అంటించిన సంగతి మరిచిపోయావా? వాన పడినప్పుడల్లా ఆ ఇల్లు వీధిలో నిలబడి స్నానం చేస్తున్నట్టుండేది. దాన్ని చూసి ఇంకో నలుగురు పలకలు కొన్నారు. ఆ వీధి ఈ రోజు ఇంకా ఆ వీధిలా ఉందంటే ఆ ఒక్క వాక్యం వల్లే. ఊపిరాడకపోయినా సరే.

ముందు రెయిలింగ్ తీయించు. తరవాత చదువుకో. నిబంధన మూడు పనులకి ఒప్పుకుంటుంది. ఉన్నదానికి మరమ్మతు చేసుకోవచ్చు. ఒకప్పుడు ఉండి పోయినదాన్ని, ఉండేదని రుజువు చూపించి, తిరిగి పెట్టుకోవచ్చు. గోడకి గానీ రాతికి గానీ బిగించని వస్తువుని తాత్కాలికంగా వాడుకుని అదే రోజు లోపలికి తీసుకుపోవచ్చు. ఇవి తప్ప నాలుగోది లేదు. లేనిది పెట్టకూడదు, ఉన్నది తీయకూడదు.

అదీ కాకపోతే ఇద్దరూ ఇక్కడికి వచ్చెయ్యండి. నాకిచ్చిన క్వార్టర్సు నేలమట్టంగా ఉంది, గడప కూడా లేదు. ఆ ఇంటికి కొన్నాళ్ళు తాళం వేస్తే నష్టమేమీ లేదు.

ఇంకో మాట. పెరట్లో బట్టలారేసే కమ్మీ ఇంకా ఉందా? తుప్పు పట్టిందా? ఊరికే అడిగాను.

బావ ఏమంటున్నాడు? ఈ రెయిలింగ్ గొడవ గురించి వాడు ప్రత్యేకంగా ఏమైనా అన్నాడా? ఇదీ ఊరికే అడిగాను.

మార్జిన్ వదిలి రాయి.

ఇట్లు
అన్నయ్య

*

జూన్ 17

అన్నయ్యకి,

మార్జిన్ వదిలాను చూడు. నీకు ఇంటికంటే ఖాళీ స్థలమంటేనే మక్కువని ఇప్పుడు తెలిసింది.

ఇంటికి తాళం వేస్తే నష్టం లేదా? నిజమేలే, మనుషులు లేని ఇల్లు తొందరగా పాతబడుతుంది, నీకు అదే కావాలి. మేమిద్దరం ఈ గుమ్మంలోంచి వెళ్ళిపోతే నీ వీధి ఇంకా చారిత్రకంగా ఉంటుంది కాబోలు. ఆ మాట చదివి ఒక పూట అన్నం సయించలేదు నాకు. మీ బావకి ఆ పేరా చదివి వినిపించలేదు.

పెరట్లో కమ్మీ గురించి అడుగుతావేమిటి? పెరడు వీధిలోంచి కనిపించదు. నా దుప్పట్లు ఆరేసుకోవడానికి కూడా నీ సంఘం అనుమతి కావాలా? తుప్పు పట్టలేదు. రోజూ తడిబట్టలు వేసి తుడుస్తూనే ఉన్నాను కదా, నిగనిగలాడుతోంది. ఇది ఫైల్లో రాసుకో.

రెయిలింగ్ తీయించేశాను, వెల్డింగు అతనే వెనక్కి తీసుకుపోయాడు. ఇక అసలు సంగతి. నీ మూడు పనుల జాబితా మీ బావకి చదివాను. "బిగించని వస్తువు, అదే రోజు లోపలికి" అన్నచోట ఆయన నన్ను ఆపి మళ్ళీ చదవమన్నారు. పడ్డాక మొదటిసారి నవ్వారు, అన్నయ్యా. పడీ పడీ నవ్వారు. నవ్వి, "పెరట్లో కమ్మీ పట్రా" అన్నారు.

అంతే. ఇప్పుడు రోజూ పది గంటలకి మన ఇంటి ముందు తిరణాలే. పై మెట్టు మీద దర్జీ, కింద పోస్టుమాన్, ఇద్దరూ కమ్మీని చెరో చివర పట్టుకుని నిలబడతారు. మీ బావ దాని మీద చెయ్యి వేసి దొరలా దిగుతారు. వెంటనే కమ్మీ లోపలికి. గంటకి ఆయన తిరిగొస్తే మళ్ళీ కమ్మీ బయటికి. దేనికీ బిగించలేదు, అదే రోజు లోపలికి వెళ్తోంది, రోజుకి రెండుసార్లు వెళ్తోంది. చెబితే నమ్మవు, ఆ కమ్మీ పై మెట్టు నుంచి కింది మెట్టు దాకా కొలిచి చేసినట్టు సరిపోయింది. నీ టేపు అవసరమే పడలేదు.

నాలుగో రోజు నీ శిష్యురాలు వచ్చింది. దర్జీ కొట్టు ముందు నిలబడి మొత్తం చూసింది. నిబంధనల పుస్తకం మొదటి నుంచి చివరికి, చివరి నుంచి మొదటికి తిరగేసింది. పాపం, చెమట పట్టింది. దర్జీ ఊరుకుంటాడా? "నేను రోజూ ఈ పై మెట్టు మీద కనబడుతున్నానండీ, నేను కూడా చేర్పు కిందికి వస్తానా? వస్తే చెప్పండి, ఏ ఆకుపచ్చ వేసుకోమంటారో" అన్నాడు. ఆ పిల్ల పెదాలు బిగబట్టుకుని ఏదో రాసుకుని వెళ్ళిపోయింది. సందు మలుపు తిరిగాక నవ్విందని పోస్టుమాన్ చెప్పాడు.

మీ బావ ఏమన్నారని కదా అడిగావు. "వాడు భలే నిబంధన రాశాడే" అన్నారు. మెచ్చుకున్నారనే అనుకుంటున్నాను.

ఏదీ బిగించని
నీ చెల్లి

*

జూన్ 26

చెల్లాయ్,

దీవెనలు లేవు. ఈసారి నిజంగానే లేవు.

ఆ పిల్ల నాకు అధికారికంగా ఉత్తరం రాసింది. నిబంధన రాసింది నేనే కాబట్టి వివరణ ఇవ్వమంది. "మనుషులు చేత్తో పట్టుకున్న కమ్మీ చేర్పు అవుతుందా? పట్టుకున్న మనుషులు వీధిలోంచి కనిపించే భాగం అవుతారా? అయితే వారు మారినప్పుడల్లా అనుమతి తీసుకోవాలా?" ఈ ఉత్తరాన్ని ఇక్కడి సూపరింటెండెంటు హాలు మధ్యలో నిలబడి పైకి చదివాడు. టైపిస్టు బల్ల మీద తల పెట్టి నవ్వింది. బంట్రోతు నాకు టీ తెచ్చి, గ్లాసు బల్లకి బిగించకుండా చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

ఇరవై రెండేళ్ళు ఆ వీధిలో ఎండనకా వాననకా తిరిగాను. నా మీద నువ్వు వీధినాటకం ఆడిస్తావా? అదీ దర్జీని పెట్టుకుని? నీకు రెయిలింగ్ కావాలో నా పరువు కావాలో తేల్చుకో.

ఒకటి మాత్రం బతిమాలి అడుగుతున్నాను. ఆ కమ్మీని బయటికి తేవద్దు. పెరట్లోనే ఉండనీ. కర్ర వాడుకోండి, తాడు వాడుకోండి, ఏదైనా వాడుకోండి. ఆ కమ్మీ మాత్రం వద్దు. ఎందుకని అడగవద్దు.

ఆ పిల్ల దాన్ని దగ్గరికి వచ్చి చూసిందా? చివరలు చూసిందా? వెంటనే రాయి.

అన్నయ్య

*

జూలై 2

అన్నయ్యకి,

కమ్మీ బయటికి రాకూడదంటే మీ బావ బయటికి రాకూడదని అర్థం. ఆ మాట తిన్నగా అనలేక కమ్మీ మీద పెట్టావు.

నాటకం ఆడానంటావా? రెండు వారాలకి పైగా నడిచారు ఆయన. మొదట్లో లైబ్రరీ దాకా వెళ్ళి ఆయాసపడి కూర్చునేవారు. మొన్న అక్కడినుంచి అట్ట ఊడిన నిఘంటువు ఒకటి చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చారు, మైదా ఉడికించమన్నారు. మార్చి తరవాత మన ఇంట్లో జిగురు వాసన రావడం అదే మొదలు. ఆ వాసనకి నేను వంటింట్లో నిలబడి కళ్ళు తుడుచుకున్నాను. ఇది నీకు నాటకంలా కనబడితే కనబడనీ.

మీ ఆఫీసులో నవ్వారంటే నవ్వనీ. మేము మార్చి నుంచి నవ్వలేదు, ఇప్పుడు మా వంతు వచ్చింది. దానికి నువ్వు మధ్యలో నిలబడితే నేనేం చెయ్యను?

ఆ పిల్ల చివరలు చూడలేదు. మొదళ్ళూ చూడలేదు. ఆ పిల్ల చూసింది మీ బావ పాదాలు, ఎక్కడ తప్పటడుగు పడుతుందోనని. నువ్వు నేర్పని పని అది.

నాకు రెయిలింగూ అక్కర్లేదు, నీ పరువూ అక్కర్లేదు. నా మొగుడు నడిస్తే చాలు.

చెల్లి

*

జూలై 15

అన్నయ్యకి,

కోపంతో రాయడం లేదు. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు.

నీ దగ్గర్నుంచి జవాబు రాలేదు. అలిగావనుకుంటాను. అలిగినా ఈ సంగతి నీకు తెలియాలని రాస్తున్నాను.

పోయిన గురువారం చినుకులు పడుతున్నాయి. వద్దన్నా వినకుండా దిగుతానన్నారు. దర్జీకి ఎక్కడినుంచి వచ్చిందో తుమ్ము, ఆపుకోలేకపోయాడు. కమ్మీ చేతిలో తిరిగిపోయింది. మీ బావ నాలుగో మెట్టు మీద చతికిలపడ్డారు. ఎముకకి ఏమీ కాలేదు, డాక్టరు ఫోటో తీయించి చూశాడు. కానీ ఆ రోజు నుంచి ఆయన గుమ్మం దగ్గరికి రావడం లేదు. ఎవరు పిలిచినా పలకరు. కిటికీ రెక్కలు కూడా మూసేసుకున్నారు. నిఘంటువు అట్ట సగంలో ఆగిపోయింది.

దర్జీ రోజూ వచ్చి గుమ్మంలో నిలబడి, "నా ముక్కు కోసెయ్యండి అమ్మా" అని వెళ్తున్నాడు. అతన్ని ఏమనను? మనిషి చెయ్యి మనిషి చెయ్యే, ఇనుము ఇనుమే. రాతికి పాతుకున్నది తుమ్మదు.

డాక్టరు ఇచ్చిన గడువు ఇంకా ఆరు వారాలుంది. సంఘానికి మళ్ళీ అర్జీ పెట్టాను. ఒకప్పుడు అక్కడ రెయిలింగ్ ఉండేదని రుజువుంటే తప్ప వీల్లేదని నీ శిష్యురాలు చెప్పింది. పాత ఫోటోలేమైనా ఉన్నాయేమో వెతకమని కూడా తనే చెప్పింది. నాకు తెలిసి ఆ మెట్లకి ఎప్పుడూ ఏమీ లేదు.

కమ్మీని పెరట్లో పెట్టేశాను. నువ్వు కోరినట్టే.

చెల్లి

*

జూలై 24

చెల్లాయికి,

అలగలేదు. నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి ఇదే రాస్తున్నాను. ఇది ఏడో ప్రతి. మొదటి ఆరింటిలో పేరా సంఖ్యలున్నాయి, చించేశాను.

ఆ మెట్లకి రెయిలింగ్ ఉండేది. నీకు అప్పుడు నాలుగేళ్ళు, గుర్తుండదు. తాతయ్య కట్టించిన రోజు నుంచి ఉండేది. బొటనవేలంత లావు కమ్మీ, దానికి రెండు కాళ్ళు, ఒకటి పై మెట్టు రాతిలో, ఒకటి కింది మెట్టు రాతిలో పాతి ఉండేవి.

నాకు పదకొండేళ్ళు. బళ్ళోంచి వచ్చాక ఆ కమ్మీ మీద బోర్లా పడుకుని జారడం నా పని. ఒక రోజు జారి జారి హెడ్మాస్టరుగారి పొట్టలోకి వెళ్ళాను. ఆయన చేతిలో సిరాబుడ్డి ఉంది, తెల్లబట్టలు. నాన్న కొట్టలేదు. అంతకంటే పెద్ద శిక్ష వేశాడు. ఆ కమ్మీని రోజూ పొద్దున్నే బూడిద పెట్టి తళతళలాడేలా తోమాలన్నాడు. వీధంతా నీళ్ళు పట్టుకెళ్ళే వేళకి నేను మెట్ల మీద గిన్నెలు తోమేవాడిలా కూర్చోవాలి. ఎనిమిది నెలలు తోమాను. తొమ్మిదో నెలలో, ఇంట్లోవాళ్ళు మధ్యాహ్నం నిద్రపోయే వేళ, మూడు రోజులపాటు కొంచెం కొంచెంగా రెండు కాళ్ళూ రాతికి ఆనించి కోసేశాను. కట్టెల వెనక దాచేశాను. ఇనుపదొంగలు పడ్డారని నాన్న వీధి వీధంతా గాలించాడు. మిగిలిన మొదళ్ళు కాలికి తగులుతున్నాయని వాటి మీద మందంగా సున్నం మెత్తించాడు.

మరుసటి ఏడాది అమ్మకి కట్టెల వెనక కమ్మీ కనిపించింది. నన్ను ఒక్క మాట అనలేదు. కాళ్ళు కోసిన కమ్మీని పెరట్లో రెండు గోడల మధ్య పెట్టి బట్టలారేసింది. నాన్న పెరట్లోకి వచ్చినా తడిబట్టలు తప్ప కమ్మీ ఎప్పుడూ చూడలేదు. ఆ విషయంలో మగాళ్ళందరం ఒకటే.

నువ్వు ఇన్నేళ్ళుగా దుప్పట్లు ఆరేస్తున్నది దాని మీదే. కొలిచి చేసినట్టు సరిపోయిందని రాశావు చూడు, ఆ ముక్క చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

నోటీసు వచ్చిందని నువ్వు రాసిన రోజే నాకు తెలుసు, ఈ ఒక్క మాట చెబితే చాలని. చెప్పలేకపోయాను. పాత ఇనుము పీకినవాళ్ళని, పాత తలుపు మార్చినవాళ్ళని ఇరవై రెండేళ్ళు వీధిలో నిలబెట్టి కడిగేశాను. దర్జీచేత మూడుసార్లు గీకించాను. ఆ వీధిలో మొదటి దొంగని నేనే అని ఏ నోటితో చెప్పను? అందుకే క్వార్టర్సుకి రమ్మన్నాను, చెల్లాయ్. ఇంటికి తాళం వెయ్యాలని కాదు. మీరు ఇక్కడికి వస్తే నేను ఏమీ చెప్పక్కర్లేకుండా బావ నడుస్తాడని. పిరికితనం, అంతే.

వాడు కిటికీ మూసుకున్నాడని రాశావు. అది చదివాక ఇంక పరువు అన్న మాట రుచించలేదు.

సంఘానికి ఈ రోజే వాంగ్మూలం పంపాను, సంతకం చేసి, తేదీ వేసి. ఈ పని నేనొక్కడినే చేశానని రాశాను. బావకి ఇందులో సంబంధం లేదు, వాడిని ఎవరైనా అడిగితే అదే చెప్పు. పై మెట్టు, కింది మెట్టు అంచుల్లో సున్నం గీకి చూడమను, ఇనుప మొదళ్ళు దొరుకుతాయి. కమ్మీ కాళ్ళు తెచ్చి ఆనిస్తే కోత కలుస్తుంది. ముప్ఫై ఒకటో నిబంధన ప్రకారం, పాతదాన్ని తీసినవాడే అందరి ఎదుటా వచ్చి తన చేతులతో తిరిగి పెట్టాలి. అది కూడా నేను రాసిందే. రాసిన రోజు నాకు చాలా నచ్చింది.

దర్జీని నవ్వుకోమను. నాకు ఫరవాలేదు.

నిన్ను కష్టపెట్టినవాడు,
అన్నయ్య

*

ఆగస్టు 5

అన్నయ్యకి,

కొంచెం ఊపిరి తీసుకుని చదువు. కూర్చుని చదువు.

నీ ఉత్తరం చదివి మొదట తిట్టాను. పెద్దగానే తిట్టాను, పెరట్లోకి వెళ్ళి ఆ కమ్మీ మీదున్న బట్టలన్నీ లాగిపారేసి తిట్టాను. తరవాత దాని కాళ్ళ చివరలు తడిమి చూశాను. వంకరటింకర కోత. పదకొండేళ్ళ పిల్లాడు రోజూ మెట్ల మీద కూర్చుని బూడిదతో తోమడం కళ్ళ ముందు కనిపించింది. ఇంక తిట్టలేకపోయాను. ఇరవై రెండేళ్ళు ఊరందరి తలుపులూ నువ్వెందుకు అంత పట్టుగా కాపలా కాశావో కూడా అర్థమైంది.

మీ బావకి నేను చెప్పలేదు. నువ్వు వద్దన్నావని కాదు, మూసిన తలుపు వెనక్కి ఏం చెప్పను?

మొన్న సోమవారం పది గంటలకి సంఘంవాళ్ళు మన మెట్ల దగ్గరే విచారణ పెట్టారు. నీ శిష్యురాలు, ఇద్దరు పెద్దమనుషులు. వీధి మొత్తం వచ్చిందని వేరే చెప్పాలా? ఆ పిల్ల ఉలి తెప్పించి సున్నం గీకించింది. పై మెట్టులో ఒకటి, కింది మెట్టులో ఒకటి, నువ్వు చెప్పినచోటే ఇనుప మొదళ్ళు బయటపడ్డాయి. కమ్మీ తెచ్చి ఆనించారు. కోతకి కోత కలిసింది.

అప్పుడు నీ వాంగ్మూలం పైకి చదివింది. చదవకుండా ఫైల్లో పెట్టొచ్చు కదా అని నేను సైగ చేశాను, బహిరంగంగా చదవాలని నిబంధన ఉందట. ఎవరు రాశారని అడగలేదు. హెడ్మాస్టరుగారి పొట్ట దగ్గరికి వచ్చేసరికి వీధి గొల్లుమంది. దర్జీ నోట్లో పెట్టుకున్న గుండుసూదులన్నీ కింద రాలాయి. "టేపు కూడా కోశాడర్రా" అని ఎవరో అరిచారు. కానీ బూడిద పెట్టి తోమడం దగ్గర నవ్వు ఆగిపోయింది. దర్జీ వంగి సూదులు ఏరుకుంటూ, "పాపం, ఎనిమిది నెలలే" అన్నాడు. ఆ మాట వేళాకోళంగా అనలేదు, నేను చూశాను.

చివరికి ఆ పిల్ల, "ఈ పని నేనొక్కడినే చేశాను" అని చదివింది.

పైన కిటికీ రెక్క దబ్బున తెరుచుకుంది. "అబద్ధం!" అని కేక. అందరం తలెత్తేలోపు కిటికీ ఖాళీ. మరుక్షణం వీధి తలుపు తీసుకుని మీ బావ పై మెట్టు మీద నిలబడ్డారు, బనియన్ మీదే.

"వాడొక్కడే కోశాడా? వాడికి రంపం పట్టుకోవడం వచ్చా? బళ్ళో ఒకే బల్ల మీద కూర్చునేవాళ్ళం, మా ఇంటి నుంచి రంపం తెచ్చింది నేను!" అన్నారు. అంటూనే ఒక మెట్టు దిగారు. "పై కాలు కోసింది నేను, కింది కాలు వాడు కోశాడు. వంకర ఎటువైపుందో చూసుకోండి!" ఇంకో మెట్టు. మనిషి కోపంతో ఊగిపోతున్నారు. ఒక చెయ్యి ఇంకా గుమ్మం మీదే. రెండో చెయ్యి చాపేసరికి నీ శిష్యురాలు పరుగున వెళ్ళి భుజం ఇచ్చింది. ఆ భుజం పట్టుకుని ఆ పిల్లనే దులిపేశారు. "తప్పంతా వాడే నెత్తిన వేసుకుంటే నేనేమైపోవాలి? మూడు మధ్యాహ్నాలు చెమటోడ్చాను. రాసుకోండి నా పేరు కూడా!" ఆ పిల్ల మెట్టు మెట్టుకీ "రాస్తానండీ, రాస్తానండీ" అంటూ వెనక్కి నడిచింది. కింద నేల మీదికి వచ్చి, కలం లాక్కుని, నీ సంతకం పక్కన తన సంతకం పెట్టి, అప్పుడు చుట్టూ చూశారు.

వీధంతా ఆయన పాదాల వంకే చూస్తోంది. ఆయనకీ అప్పుడే తెలిసింది, ఎక్కడ నిలబడ్డారో.

నడక కోసం దిగలేని మనిషి నేరం ఒప్పుకోవడానికి ఏడు మెట్లూ దిగారు, అన్నయ్యా. నేను వీధిలోనే ఏడ్చాను. దర్జీ భార్య నన్ను పట్టుకుని తనూ ఏడ్చింది.

తరవాత నిలదీశాను. జూన్ నుంచి మీకు తెలుసు కదా, పెరట్లో కమ్మీ తెమ్మన్నది మీరే కదా, ఒక్క మాట అంటే రెయిలింగ్ వచ్చేది కదా, ఎందుకు నోరు విప్పలేదని. "ఈ వీధిలో వాడు తలెత్తుకుని తిరిగినవాడు. ఆ మాట నా నోట్లోంచి వస్తే వాడిని నేను దించినట్టవుతుంది. చెబితే వాడే చెప్పాలి. చెబుతాడని తెలుసు, వాడికి ప్రతిదీ ఆలస్యమే" అన్నారు. నువ్వు ఆయన్ని కాపాడదామని, ఆయన నిన్ను కాపాడదామని, మధ్యలో నేను దుప్పట్లు ఆరేసుకుంటూ కూర్చున్నాను. మీ ఇద్దరికీ కలిపి ఒక నోటీసు ఇవ్వాలి.

ఉత్తర్వు వచ్చింది. పాత కమ్మీ కాళ్ళని ఆ మొదళ్ళకే అతికించుకోవచ్చు. ముప్ఫై ఒకటో నిబంధన ప్రకారం తీసినవాళ్ళిద్దరూ హాజరై తమ చేతులతోనే పెట్టాలి. వెల్డింగు అతను అతుకు సామాను సిద్ధం చేసి పెట్టాడు. ఆ పిల్ల తేదీ గడి ఖాళీగా వదిలింది, నువ్వొచ్చి నింపాలట.

తొందరగా నింపు. ఎందుకంటే మీ బావ తిరిగి మెట్లెక్కలేదు. దిగిన వేడిలో దిగిపోయారు కానీ ఎక్కడానికి కాళ్ళు రావడం లేదు. ఆ మాట ఒప్పుకోకుండా, కమ్మీ లేని మెట్లెక్కడం తన హోదాకి తగదంటున్నారు. మూడు రోజులుగా దర్జీ కొట్లో బట్టలు కత్తిరించే బల్ల మీదే మకాం. దర్జీ ఆయన చుట్టూ తిరిగి కత్తిరించుకుంటున్నాడు. నేను క్యారేజీ పట్టుకుని వీధి దాటుతున్నాను, కొత్త కాపురంలా ఉంది.

పొద్దునా సాయంత్రం బస్టాండు దాకా వెళ్ళి వస్తున్నారు, నువ్వు దిగుతావేమోనని. గోడలు పట్టుకుంటూ వెళ్తున్నారు, వస్తున్నారు. డాక్టరు చెప్పింది రోజుకి గంట. నీ కోసం ఆయన రెండు గంటలు నడుస్తున్నారు.

చెల్లి